కడప నుంచి అమెరికా ఈఐఎన్: నా అనుభవం

మాది కడప. ఎర్రముక్కపల్లిలో ఇంటి ముందు గదే నా కంప్యూటర్ ఎంబ్రాయిడరీ షాపు. జాకెట్లకు నెక్ డిజైన్లు, చేతుల డిజైన్లు వేస్తూ పన్నెండేళ్ళు దాటింది. మిషన్ మీద కుట్టడం నాలుగు నెలలు కూర్చుంటే ఎవరికైనా వస్తుంది. దాని వెనక ఉండే పంచింగ్, అంటే బొమ్మను కుట్లుగా విడగొట్టి ఫైలు చేసే పని, అది వేరే విద్య. నెమలి మెడ దగ్గర కుట్టు ఏ వైపు వాలితే దారం మెరుస్తుందో, ఎక్కడ కుట్లు ఎక్కువైతే పట్టు గుడ్డ ముడుచుకుపోతుందో చెయ్యి తిరిగితే గానీ తెలియదు. నాకు ఆ పనంటే ప్రాణం.

అమెరికాలో ఇంట్లోనే చిన్న మిషన్ పెట్టుకుని కుట్టుకునేవాళ్ళు చాలామంది ఉంటారు. డిజైన్ ఫైలు ఒక్కొక్కటి నాలుగైదు డాలర్లు పెట్టి కొంటారు. మన షాపు మిషన్లకు డీఎస్‌టీ ఫైలు వేస్తాం, వాళ్ళ ఇంటి మిషన్లలో చాలావాటికి పీఈఎస్ కావాలి. నా అన్నపక్షులు, కలువలు, మామిడి పిందెలు ఐదు బై ఏడు అంగుళాల హూపులో, అంటే గుడ్డ బిగించే చట్రంలో, పట్టేట్టు మళ్ళీ పంచింగ్ చేసి పెడితే కొనేవాళ్ళు దొరికారు. మొదట నెలకు ఇరవై ఫైళ్ళు, ఏడాది తిరిగేసరికి రెండు వందలు. అప్పుడు అక్కడి పేమెంట్ ఖాతా, అక్కడి బ్యాంకు ఖాతా కావాల్సి వచ్చాయి. వాటికి అక్కడ ఒక కంపెనీ ఉండాలి, ఆ కంపెనీకి ఈఐఎన్ అనే పన్ను నంబరు ఉండాలి.

ముందే ఒక మాట చెప్తాను. ఇది అందరికీ అవసరం లేదు. విదేశీ డబ్బును ఇక్కడి ఖాతాలోకే తెప్పించుకుని, ఇక్కడే లెక్క చూపించుకుంటూ చక్కగా వ్యాపారం చేసుకుంటున్నవాళ్ళు ఎందరో ఉన్నారు. నెలకు పదో ఇరవయ్యో ఆర్డర్లు వచ్చేవాళ్ళు ఈ పని నెత్తిన వేసుకోకండి. దీని వెనక ఏటేటా చేయాల్సిన పని చాలా ఉంది, అది తర్వాత చెప్తాను.

కంపెనీ పెట్టడం తొందరగానే అయిపోయింది. వయోమింగ్ రాష్ట్రంలో యజమాని బాధ్యత పరిమితంగా ఉండే రకం కంపెనీ, అంటే ఎల్‌ఎల్‌సీ పెట్టాను. రాష్ట్రానికి కట్టే ఫీజు 100 డాలర్లు, ఆ తర్వాత ఏటా తక్కువలో తక్కువ 60 డాలర్లు. మన తరఫున అక్కడ ఉత్తరాలు అందుకోవడానికి రిజిస్టర్డ్ ఏజెంటు ఉండి తీరాలి, వాళ్ళ రుసుము వేరే. ఆ కాగితం చేతికొచ్చాక ఈఐఎన్ దగ్గర ఆగిపోయాను.

ఈఐఎన్ అంటే ఎంప్లాయర్ ఐడెంటిఫికేషన్ నంబర్. పేరులో ఎంప్లాయర్ అని ఉన్నా ఒక్క ఉద్యోగి కూడా లేని కంపెనీకీ ఇస్తారు. మనకు పాన్ ఎట్లాగో అక్కడి వ్యాపారానికి అది అట్లాంటిది. తొమ్మిది అంకెలు, మొదటి రెండింటి తర్వాత ఒక గీత. ఇచ్చేది అమెరికా పన్నుల శాఖ, ఐఆర్‌ఎస్. ఒక్క డాలరు కూడా తీసుకోరు. ఈ చివరి సంగతి నాకు మొదట తెలియదు.

తెలియకపోబట్టే ఊళ్ళో ఇలాంటి పనులు చేసిపెట్టే ఒకాయన దగ్గరికి పోయాను. 25,000 రూపాయలు అన్నాడు. అంత ఎందుకన్నా అని అడిగితే, "ఆ ఫారంలో అమెరికా సోషల్ సెక్యూరిటీ నంబరు, మన ఆధార్ లాంటిది, అడుగుతారమ్మా, నీకు లేదు కదా. మా మనిషి ఒకడున్నాడు అక్కడ, వాని నంబరు వేస్తాం" అన్నాడు. కంపెనీ నాదైతే ఆయన నంబరు ఎందుకు అని అడిగాను. "అవన్నీ నీకెందుకు, నంబరు వస్తే చాలు కదా" అన్నాడు.

ఆ మాటకు నాకు మా నాయన గుర్తొచ్చినాడు. మా జిల్లాలో కువైట్ పోయినవాళ్ళు లేని వీధి తక్కువ. నాయన కూడా పోయినాడు, నేను ఐదో తరగతిలో ఉండగా. కంపెనీలో పని అని చెప్పి ఏజెంటు పంపించింది ఖాదిం వీసా మీద, అంటే ఇంటిపని వీసా. అరబ్బీలో ఉన్న ఆ కాగితం మీద ఏముందో నాయనకు తెలియదు. "అవన్నీ నీకెందుకు" అనే ఆయనకూ చెప్పినారు. దిగినాక గానీ తెలియలేదు. చేసిన అప్పు తీరేదాకా నాలుగేళ్ళు ఉండి వచ్చినాడు. నా పేరు మీద ఉండే ఏ కాగితంలోనైనా ఏ గడిలో ఏం రాశారో నాకు తెలిసి తీరాలన్న పట్టుదల నాకు అక్కడి నుంచే వచ్చింది. డబ్బులు లేవని చెప్పి లేచి వచ్చేశాను.

ఇంటికొచ్చి ఐఆర్‌ఎస్ వాళ్ళ సూచనలే చదవడం మొదలుపెట్టాను. నా ఇంగ్లీషు అంతంత మాత్రం. డిగ్రీ చదువుతున్న మా పాపను పక్కన కూర్చోబెట్టుకుని మూడు రాత్రులు చదివాను. అందులో తేలింది ఇది: ఆన్‌లైన్ దరఖాస్తు ఉంది గానీ, దానికి కంపెనీని నడిపే మనిషికి సోషల్ సెక్యూరిటీ నంబరో ఐటిన్ అనే పన్ను నంబరో ఉండాలి. రెండూ లేని నాలాంటివాళ్ళు ఎస్‌ఎస్-4 అనే ఒకే పేజీ ఫారం నింపి ఫ్యాక్సులో గానీ పోస్టులో గానీ పంపొచ్చు. విదేశీ దరఖాస్తుదారుల కోసం ఒక ఫోన్ నంబరు కూడా ఉంది.

ఈలోగా టెక్సాస్‌లో ఉన్న మా మేనమామ కొడుకు ఫోన్ చేసినాడు. "అక్కా, నా నంబరు వేసేస్తా, పది నిమిషాల్లో వచ్చేస్తాది" అన్నాడు. వాడు ప్రేమతోనే అన్నాడు, నాకు తెలుసు. కానీ ఆ ఫారంలో రెస్పాన్సిబుల్ పార్టీ అని ఒక గడి ఉంది. కంపెనీ డబ్బు మీద, నిర్ణయాల మీద నిజంగా ఎవరికి అధికారం ఉందో ఆ మనిషి పేరే అక్కడ రాయాలి. పేరుకు మాత్రం ఒకరిని నిలబెట్టడం కుదరదని సూచనల్లో స్పష్టంగా ఉంది. ఆ కంపెనీలో రేపు ఏం జరిగినా ఉత్తరాలు వాడి పేరు మీదే వస్తాయి. వాడేమో వీసా మీద ఉద్యోగం చేసుకుంటున్న పిల్లోడు. వద్దు నాయనా అన్నాను. ఇట్లా బంధువుల నంబరు మీద పెట్టుకుని, తర్వాత బ్యాంకు దగ్గర కంపెనీ ఎవరిదో తేలక ఇబ్బంది పడ్డవాళ్ళ గురించి విన్నాను. ఎంత దగ్గరివాళ్ళు అడిగినా ఇది చేయకండి.

మొదట ఫోన్ చేసి చూద్దామనుకున్నాను. ఆ నంబరు 267తో మొదలవుతుంది, ఫిలడెల్ఫియా కోడ్. అక్కడి తూర్పు సమయం ప్రకారం సోమవారం నుంచి శుక్రవారం దాకా ఉదయం 6 నుంచి రాత్రి 11 వరకు. అది వాళ్ళ ఎండాకాలం కాబట్టి మనకు మధ్యాహ్నం 3:30కి మొదలవుతుంది, చలికాలంలోనైతే 4:30కి. అది ఫ్రీ నంబరు కాదు, ఐఎస్‌డీ ఛార్జీ పడుతుంది. సరిగ్గా మూడున్నరకు చేస్తే అరగంట లోపే మనిషి దొరికింది. ఒక పెద్దావిడ గొంతు, చాలా ఓపికగా మాట్లాడింది. కంపెనీ ఎక్కడ ఏర్పాటైందని అడిగింది. వయోమింగ్ అన్నాను. అయితే నీది అమెరికా రాష్ట్రంలో పెట్టిన కంపెనీ, ఫోన్‌లో ఇవ్వలేము, ఫ్యాక్సు పంపు అంది. నేను వెంటనే పెట్టేయకుండా నన్ను తినేస్తున్న ప్రశ్న అడిగాను: సోషల్ సెక్యూరిటీ నంబరు అడిగే 7బీ గడిలో ఏం రాయాలి? "ఫారిన్ అని రాయి, అంతే" అంది. ఆ ఒక్క మాట కోసమే 25,000 అడిగినారు నన్ను.

ఇక ఫారం. పేజీ ఒక్కటే అయినా ప్రతి గడీ ఆలోచించి నింపాల్సిందే. ఒకటో గడిలో కంపెనీ పేరు, వయోమింగ్ కాగితంలో ఎట్లా ఉందో అక్షరం పొల్లు పోకుండా. 8ఏలో ఎల్‌ఎల్‌సీయేనా అంటే అవును, 8బీలో సభ్యులు 1, 8సీలో అమెరికాలోనే ఏర్పాటైందా అంటే అవును. 9ఏ దగ్గర చాలామంది తడబడతారు. అక్కడ సోల్ ప్రొప్రైటర్, పార్ట్‌నర్‌షిప్, కార్పొరేషన్ అని వరసగా ఉంటాయి. ఒక్కరే విదేశీ యజమాని ఉన్న ఎల్‌ఎల్‌సీకి అవేవీ సరిపోవు. ఇతర అన్న గడి టిక్కు పెట్టి పక్కన ఫారిన్ ఓన్డ్ యూఎస్ డిస్‌రిగార్డెడ్ ఎంటిటీ అని రాయాలి. అంటే కంపెనీ వేరేగా ఉన్నా పన్ను లెక్కల్లో దాన్ని యజమాని నుంచి విడిగా చూడరని అర్థం. లెక్కల సంవత్సరం ముగిసే నెల దగ్గర డిసెంబరు అని రాశాను. మనకు మార్చి అలవాటు కదా, నేను మొదట మార్చి అనే రాసి కొట్టేశాను. కొట్టివేత ఉండకూడదని ఆ కాగితం చించి మళ్ళీ ప్రింటు తీశాను.

నన్ను అన్నిటికంటే ఎక్కువ కంగారు పెట్టింది నా పేరు. మన పేర్ల సంగతి తెలిసిందే. పాస్‌పోర్టులో నాకు పుట్టింటి ఇంటిపేరు సర్‌నేమ్ కింద ఉంది. ఆధార్‌లో అది ఒక పొడి అక్షరంగా పేరుకు ముందు ఉంది. పెళ్ళయ్యాక వచ్చిన ఇంటిపేరుతో కరెంటు బిల్లు ఉంది. పుట్టిన ఊరు పాస్‌పోర్టులో పాత స్పెల్లింగుతో సీ, యూ, డీ, డీ అని ఉంటుంది, 2005లో ప్రభుత్వం మార్చిన కొత్త స్పెల్లింగు అడ్రసులో ఉంటుంది. ఈ కాగితాలన్నీ మంచం మీద పరిచి, ఏ పేరు రాయాలా అని మా ఆయన, నేను ఒక సాయంత్రమంతా కూర్చున్నాం. చివరికి తేల్చుకున్నది ఇది: రేపు అక్కడి బ్యాంకు చూసేది పాస్‌పోర్టే, కాబట్టి పాస్‌పోర్టులో ఉన్నదే అన్నిటా. ఇంటిపేరు పూర్తిగా, పొడి అక్షరాలు లేకుండా. వయోమింగ్ కాగితంలో కూడా అదే ఉండేట్టు నేను ముందే చూసుకున్నాను, అది నా అదృష్టం. మీరు కంపెనీ పెట్టే రోజే ఈ పేరు సంగతి తేల్చుకోండి. తర్వాత మార్చుకోవడానికి పడే తిప్పలు చాలా ఎక్కువ.

సంతకం నేను తెలుగులోనే చేస్తాను. పాస్‌పోర్టులోనూ తెలుగే. ఇంగ్లీషులో చెయ్యమ్మా అని పాప పోరు పెట్టింది. పేరును విడిగా ఇంగ్లీషులో రాయడానికి పక్కనే చోటుంది, సంతకం ఏ లిపిలో ఉండాలన్న షరతు ఆ ఫారంలో ఎక్కడా లేదు. తెలుగులోనే చేశాను.

ఫ్యాక్సు ఎక్కడ? ఏడు రోడ్ల కూడలి దగ్గర ఒక జిరాక్స్ షాపు గోడ మీద పసుపు రంగులో ఎస్‌టీడీ, ఐఎస్‌డీ, ఫ్యాక్సు అని రాసిన బోర్డు ఇప్పటికీ ఉంది, సగం రంగు పోయి. నాయన కువైట్ నుంచి ఫోన్ చేస్తే మేమంతా పోయి మాట్లాడింది అలాంటి ఫోన్ బూత్‌లోనే. లోపలికి పోయి అడిగితే, మిషన్ తీసేసి ఎనిమిదేళ్ళయిందమ్మా అన్నాడు. సరేనని ఇంటర్నెట్ ఫ్యాక్సు సర్వీసు ఒకటి నెలకు డబ్బు కట్టి తీసుకున్నాను. అది మనకు అమెరికా ఫ్యాక్సు నంబరు ఒకటి ఇస్తుంది, జవాబు ఆ నంబరుకొస్తే మన మెయిల్‌లో పడుతుంది. ఫారంలో మన ఫ్యాక్సు నంబరు రాసే గడి ఉంది, అది ఖాళీ వదలకండి. అది రాస్తేనే జవాబు ఫ్యాక్సులో వస్తుంది, లేదంటే పోస్టులో వచ్చేదాకా ఆగాలి.

మొదటిసారి పంపినప్పుడు నేను చేసిన తప్పు చెప్పాలి. ఫారాన్ని ఫోన్‌తో ఫొటో తీసి పంపేశాను. ఫోన్‌లో చూస్తే బాగానే ఉంది. కానీ ఫ్యాక్సుకు నలుపు, తెలుపు రెండే తెలుసు. ఫొటోలో నా చెయ్యి నీడ పడిన చోట లేత బూడిద రంగు ఉండింది. అదంతా అటువైపు కటిక నలుపై పోయింది. పంపిన పేజీ ఎట్లా పోయిందో ఆ సర్వీసులో చూసుకోవచ్చు. తెరిచి చూస్తే పేజీ మధ్యలో నల్లటి పట్టీ, సరిగ్గా ఏడో గడి మీద. నా పేరూ లేదు, ఫారిన్ అన్న మాటా లేదు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. మరుసటి రోజు అదే జిరాక్స్ షాపుకు పోయి, కొత్త ప్రింటు తీసుకుని, నల్ల ఇంకు పెన్నుతో సంతకం చేసి, ఫ్లాట్‌బెడ్ స్కానర్ మీద నలుపు తెలుపులో స్కాన్ చేయించాను. పది రూపాయలు. ఈసారి మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా స్పష్టంగా పోయింది.

ఫ్యాక్సుకు నాలుగు పనిరోజులు అని సూచనల్లో ఉంటుంది. నాకు పందొమ్మిది రోజులు పట్టింది. ఈలోగా మళ్ళీ పంపుదామా అని రోజుకోసారి అనిపించేది. మా పాప ఆపింది. ఒకే కంపెనీకి రెండు దరఖాస్తులు పోతే రెండు నంబర్లు వచ్చి, తర్వాత ఒకటి మూయించుకోవడం ఇంకో పని. పందొమ్మిదో రోజు పొద్దున ఆరింటికి లేచి, పొయ్యి మీద పాలు పెట్టి ఫోన్ చూసుకుంటే మెయిల్ ఉంది. నేను పంపిన ఫారమే తిరిగి వచ్చింది. కుడివైపు పైమూల ఖాళీగా ఉండిన గడిలో తొమ్మిది అంకెలు రాసి ఉన్నాయి. కింద నా తెలుగు సంతకం అట్లాగే ఉంది. పాలు పొంగిపోయినాయి. కొత్తింట్లో దిగినప్పుడు పొంగినట్టు పొంగినాయిలే అన్నాడు మా ఆయన.

సీపీ 575 అనే అసలు ఉత్తరం తర్వాత పోస్టులో వచ్చింది. దాన్ని భద్రంగా దాచుకోండి, అది ఒక్కసారే ఇస్తారు. పోతే 147సీ అనే ధ్రువీకరణ ఉత్తరం అడిగి తెచ్చుకోవాలి. ఇంకో సంగతి. నంబరు వచ్చింది కదా అని కొనేవాళ్ళు ఎవరైనా డబ్ల్యూ-9 నింపమంటే నింపేయకండి. అది అమెరికావాళ్ళ పన్ను ఫారం. నాలాంటి ఒక్క యజమాని కంపెనీకి విదేశీయుల కోసం ఉన్న డబ్ల్యూ-8బెన్ యజమాని పేరు మీద ఇవ్వాలి.

ఇప్పుడు ఏటేటా చేయాల్సిన పని. పైసా పన్ను పడకపోయినా, విదేశీ యజమాని ఒక్కరే ఉన్న ఎల్‌ఎల్‌సీ ఏటా 5472 అనే ఫారాన్ని, పేరుకు నింపిన 1120 అనే కంపెనీ రిటర్ను ఫారం వెనక జతచేసి పంపాలి. 2017 నుంచి ఈ నియమం ఉంది. కంపెనీకి మీరు మొదట వేసిన పెట్టుబడి, మీరు తీసుకున్న డబ్బు, అన్నీ అందులో చూపించాలి. గడువు ఏప్రిల్ 15. పంపకపోతే జరిమానా 25,000 డాలర్లు. మన డబ్బులో ఇరవై లక్షల పైమాటే. ఈఐఎన్ తెచ్చిపెడతామని డబ్బు తీసుకునేవాళ్ళు ఈ మాట చెప్పరు. నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది ఇదే. నంబరు చేతిలో పెట్టి పంపించేస్తారు, రెండేళ్ళ తర్వాత ఉత్తరం వచ్చేది మనకు.

ఇక్కడి లెక్క కూడా ఉంది. మా ఆడిటర్ గారు మొదటి రోజే హెచ్చరించారు. విదేశంలో సొంత కంపెనీలో డబ్బు పెట్టడమంటే 2022 ఓవర్సీస్ ఇన్వెస్ట్‌మెంట్ నియమాల కిందికి వస్తుంది. బ్యాంకు ద్వారా ఫారం ఎఫ్‌సీ వేస్తే రిజర్వు బ్యాంకు ఒక యూఐఎన్ నంబరు ఇస్తుంది, అది వచ్చాకే పెట్టుబడి పంపాలి. మనిషికి ఏడాదికి 2,50,000 డాలర్ల పరిమితి ఉంది గానీ నేను పంపింది 500 డాలర్లు. ఆ 500 కోసమూ అదే ఫారం. మా బ్రాంచిలో ఎవరూ ఈ ఫారం అంతకుముందు చూడలేదు, ఫారెక్స్ చూసే పెద్ద బ్రాంచికి పంపించారు. ఆ కథ రాస్తే ఇంకో ఇంతవుతుంది. ఏటా డిసెంబరు 31లోగా కంపెనీ పనితీరు నివేదిక, ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నులో విదేశీ ఆస్తుల షెడ్యూల్ ఎఫ్ఏ, ఈ రెండూ మర్చిపోకూడదు. వీటికి మాత్రం నేను ఆడిటర్ గారికి ఫీజు ఇచ్చే చేయించుకుంటున్నాను. తెలిసినవాళ్ళ పనికి డబ్బు ఇవ్వడానికి నాకు అభ్యంతరం లేదు.

పోయిన నెల ప్రొద్దుటూరు నుంచి మగ్గం వర్క్ చేసే ఒకామె ఫోన్ చేసింది. "అక్కా, నలభై వేలు అడుగుతా ఉండారు, ఇచ్చేదా?" అంది. పాస్‌పోర్టు, కంపెనీ కాగితం తీసుకుని బస్సెక్కి రమ్మన్నాను. నా షాపులో మిషన్ ఆపి, ఇద్దరం ఫారం ముందేసుకుని కూర్చున్నాం. 7బీ దగ్గర ఆమె పెన్ను ఆగింది. "ఫారిన్ అని రాయి మా" అన్నాను. రాసింది. జిరాక్స్ షాపుకు తీసుకుపోయి స్కాన్ చేయించాను. శుక్రవారం సాయంత్రం ఫ్యాక్సు పోయింది, పేజీ తెరిచి చూశాం, శుభ్రంగా ఉంది. జవాబు ఇంకా రావాలి.